పలక ముందు నిలబడ్డవాడు

కత్తి విసరడం గురించి మాట్లాడేవాళ్ళంతా విసిరేవాళ్ళే. పిడి పట్టాలా, మొన పట్టాలా, మణికట్టు తిప్పాలా, బిగించాలా అని వాళ్ళలో వాళ్ళే వాదించుకుంటారు, వాళ్ళలో వాళ్ళే మెచ్చుకుంటారు. కత్తి ఎటు వస్తుందో ఆ వైపు నిలబడ్డవాణ్ణి ఒక్కడూ అడగడు. నేను నిలబడ్డాను. ఒక పండుగా రెండు పండుగలా, ఏళ్ళ తరబడి నిలబడ్డాను, నల్గొండలో, మా తాలీంలో, మా అన్న విసిరే కత్తుల ముందు. ఎవరూ అడగలేదు కాబట్టి నా అంతట నేనే చెబుతున్నాను.

తాలీం అంటే కుస్తీ, కర్రసాము, కత్తిసాము నేర్పే జాగా. కచ్చేరి గోడ మీద ఆంధ్రప్రదేశ్ అని కొత్తగా రాసిన రోజుల్లో మా ఊళ్ళో వాడకొకటి ఉండేది. మాది నేతవాళ్ళ వాడ చివర. ఎర్రమట్టి పోసి మెత్తగా తవ్విన గుంట, దాని మీద పెంకుల కప్పు, పక్కన కొంత ఖాళీ జాగా, అంతే. ఉస్తాద్ పొద్దంతా బస్టాండు దగ్గర జట్కా తోలేవాడు. సాయంత్రం గుర్రానికి గడ్డి వేసి వచ్చి మాకు నేర్పేవాడు. పీర్ల పండుగకూ దసరాకూ ప్రతి తాలీం వాళ్ళూ బజారులో తమ విద్య చూపించాలి. ఒకరు కర్ర తిప్పేవారు, ఒకరు కడుపు మీద పెట్టిన నిమ్మకాయను కత్తితో కోసేవారు. మా తాలీందేమో కత్తుల పలక. బూరుగు చెక్కలు నిలువుగా బిగించి, వాటికి వీపు ఆనించి ఒక మనిషి నిలబడితే, ఇంకొకడు ఆ మనిషి చుట్టూ కత్తులు గుచ్చుకునేలా విసరాలి. కత్తులు లారీ కమాను పట్టీ సాగగొట్టి కమ్మరి చేసినవి. చేతిలో పట్టుకుంటే మణికట్టు కిందికి గుంజేవి.

ఉస్తాద్ దగ్గర ఒక కట్టడి ఉండేది. విసిరేవాడి ముందు వాడి ఇంటి మనిషే నిలబడాలి. పరాయివాడికి తగిలితే రెండిళ్ళ మధ్య పగ, ఆ పైన ఠాణా, పంచాయితీ. సొంతవాడైతే విసిరే చెయ్యి దానంతటదే జాగ్రత్తగా ఉంటుందని ఆయన నమ్మకం. మా అన్నకు విసరడమంటే పిచ్చి. ఇంట్లో మగవాళ్ళం ముగ్గురం, బాపు, అన్న, నేను. తాలీం పేరెత్తితేనే బాపు ఒంటికాలి మీద లేచేవాడు. ఇక మిగిలింది నేను. అప్పటికే మగ్గంలో కూర్చుని సొంతంగా చీర దించే వయసు నాది. అయినా నిలబడతావా అని కూడా అన్న అడగలేదు. దా, నిలబడు అన్నాడు, నిలబడ్డాను. ఇంట్లో చిన్నవాడికి ఉండే విలువ అది.

నిజానికి నాకూ విసరాలనే ఉండేది. మొదటి రోజు నుంచీ ఉండేది. బజారులో జనం మధ్య, పలకకు ఎదురుగా, చేతిలో కత్తితో ఒక్క పండుగకైనా నిలబడాలని. ఉస్తాద్‌ను అడిగితే ముందు కదలకుండా నిలబడడం నేర్చుకోమన్నాడు. నాకు అందులో నేర్చుకోవడానికి ఏముంది? మా వాడలో పొద్దున్నే వీధి పొడుగునా పడుగు చాపి గంజి పట్టించేవాళ్ళు. గాలి వచ్చినప్పుడు అది ఊగకుండా కర్ర పట్టుకుని నిలబడే పని ఊహ తెలిసినప్పటి నుంచీ నాదే. ఈగ వాలినా, ముక్కు దురద పెట్టినా కదలకూడదు. కదిలితే పోగులు తెగుతాయి, బాపు చెయ్యి లేస్తుంది. అందుకని మొదటి దసరాకే ఊళ్ళో నా పేరు మారుమోగింది, నేతోళ్ళ చిన్నోడు రెప్ప కూడా కొట్టడని. ఆ పొగడ్తే నా కొంప ముంచింది. అంత బాగా నిలబడేవాణ్ణి పలక ముందు నుంచి ఎవరు తీస్తారు?

ఉస్తాద్ నేర్పింది పిడి పట్టు. కత్తి పిడిని సుత్తె పట్టుకున్నట్టు పట్టి, చెయ్యి చెవి మీదుగా వెనక్కి తీసుకుపోయి ముందుకు వదలాలి. కత్తి గాలిలో ఒక చుట్టు తిరిగి మొనతో దిగుతుంది. విసిరేవాడికి ఇందులో దూరమే ముఖ్యం. నిలబడ్డవాడికి వెలుగు ముఖ్యం. సాయంత్రపు ఎండ పక్క నుంచి పడుతుంటే కత్తి చేతిలోంచి వదలగానే తళుక్కుమనేది, తర్వాత నల్లగా అయిపోయేది, మళ్ళీ తళుక్కుమనేది. ఆ రెండో తళుకు ఎక్కడ కనపడిందో చూస్తే కత్తి నా చెవి పక్కకు పోతుందో భుజం పక్కకు పోతుందో తెలిసిపోయేది. బుర్రుమని చప్పుడు కూడా చేసేది. ఉస్తాద్ తన కొడుకును నిలబెట్టి విసిరినప్పుడు ఆ చప్పుడు ప్రతిసారీ ఒకేలా వినపడేది. అన్న విసిరితే ఒక్కోసారి ఒక్కో రాగం.

తప్పు ఎక్కడుందో ఉస్తాద్ మొదటి వారంలోనే పట్టుకున్నాడు. మాది తాడు గుంజితే పేక దారం మోసే నాడె అడ్డంగా పరుగెత్తే మగ్గం. గుంజిన చెయ్యి ఆఖర్న ఒక చిన్న విదిలింపు ఇవ్వాలి, లేకపోతే నాడె సగంలో ఆగిపోతుంది. పొద్దస్తమానం అదే పని చేసిన చెయ్యి కత్తి పట్టుకున్నా అదే విదిలింపు ఇచ్చేది. దాంతో కత్తి ఒక చుట్టు తిరగాల్సింది చుట్టుంబావు తిరిగేది. మా వాడ నుంచి వచ్చిన వాళ్ళందరిదీ అదే రోగం.

"ఇది మగ్గం కాదు బేటా. గుంజకు, వదులు" అనేవాడు ఉస్తాద్.

అన్న తల ఊపేవాడు, మళ్ళీ గుంజేవాడు. ఆ పైన కత్తి బరువు సరిగ్గా లేదనేవాడు, పలక ఎండిపోయిందనేవాడు, ఎండ కంట్లో కొడుతుందనేవాడు. ఆడరాక మద్దెల ఓడన్నాడట వెనకటికొకడు. పలకకు నీళ్ళు కొట్టి తడిపేది కూడా నేనే కాబట్టి ఆ మాట నాకు మరీ మంటగా ఉండేది.

ఇట్లా ఉండగా అన్న మక్తల్ పోయాడు. మా అక్కను ఆ పక్కనే ఇచ్చారు. అక్కడి జాతరలో కన్నడం వైపు నుంచి వచ్చిన ఒక ఆటగాడు కత్తిని మొన దగ్గర రెండు వేళ్ళతో పట్టి విసరడం చూసి వచ్చాడు. చూసి ఊరుకుంటే బాగుండేది. బస్సు దిగి, మూట ఇంట్లో పడేసి, సక్కగా తాలీంకు వచ్చి ఉస్తాద్ పట్టు పాతబడిందని అందరి ముందూ చెప్పాడు. మొన పడితే కత్తి అర చుట్టే తిరుగుతుందట, తక్కువ తిరిగితే తక్కువ తప్పుతుందట. ఉస్తాద్ కోపగించుకోలేదు. ఆ ఆటగాడు ఎంత దూరం నుంచి విసిరాడని మాత్రం అడిగాడు. అన్నకు గుర్తు లేదు. చెయ్యి చూశాడు గాని కాలు చూడలేదు.

మొన పట్టు పలక వైపు నుంచి ఎట్లా ఉంటుందో చెబుతాను. కత్తి నీ వైపు పిడితో వస్తుంది. మొద్దు పిడి, చూస్తే భయమెయ్యదు. సగం దారి దాటాక ఉన్నట్టుండి లోపలి నుంచి మొన బయటికి వస్తుంది, ఎటు తిరిగిందో చూసుకునే లోపలే చెక్కలో ఉంటుంది. పిడి పట్టులో రెండుసార్లు కనపడే కత్తి ఇందులో ఆఖర్న ఒక్కసారే కనపడుతుంది. అన్నకు ఇదంతా చెప్పబోయాను. భయపడకు అన్నాడు. నేను భయం గురించి మాట్లాడలేదు, కత్తి గురించి మాట్లాడాను.

దూరం తెలియని మొన పట్టు ఎట్లా ఉంటుందో ఆ వారంలోనే తెలిసింది. ఉస్తాద్ గీసిన పాత గీత మీదే నిలబడి అన్న కొత్త పట్టు విసిరాడు. కత్తి అర చుట్టు దాటి ఇంకా తిరిగి, పిడితో వచ్చి నా జబ్బ ఎముక మీద కొట్టింది. కళ్ళ ముందు చీకట్లు కమ్మాయి. అన్న పరుగెత్తుకొచ్చి భుజం తడిమి, మొన తగలలేదు గదా అన్నాడు. అంతటితో ఆగక, చూసినవా, ఈ పట్టులో తప్పినా పిడే తగుల్తది అని తాలీం పిల్లలకు వివరించాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటే ఏమిటో నాకు అప్పుడు బోధపడింది. ఇంట్లో అమ్మ పసుపూ సున్నమూ కలిపి పట్టు వేసింది. బాపు మగ్గం మీద నుంచి తల ఎత్తకుండా, తాడు గుంజే చెయ్యా, రెండోదా అని అడిగాడు. రెండోదన్నాను. అయితే సరే అన్నాడు.

మొన పట్టు మోజు తీరాక మూడోది వచ్చింది. ఇది ఎవరి దగ్గరా చూసింది కాదు, అన్న సొంత బుర్రలో పుట్టింది. పిడి పట్టుకుని, చూపుడువేలు కత్తి వెన్ను మీద చాపి, అసలు తిరగకుండా బల్లెంలా సూటిగా తోయడం. దగ్గర నుంచి బాగానే దిగేది. కాని జనానికి దగ్గర నుంచి విసిరితే ఏం గొప్ప? అందుకని దూరం జరిగేవాడు, జరిగితే కత్తి సగంలోనే తల వాల్చేది. పలక వైపు నుంచి మూడింట్లోకీ ఇదే పాడు పట్టు. సూటిగా వచ్చే కత్తికి వెలుగు లేదు, చప్పుడు లేదు, వెడల్పు లేదు. ఒక చుక్క కనపడుతుంది, అంతే. అది వస్తుందో ఆగిందో, నీ కంటికే వస్తుందో పక్కకు పోతుందో చెప్పలేవు. ఆ చుక్కను చూస్తూ రెప్ప కొట్టకుండా నిలబడినందుకు నాకు చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆ చప్పట్లు వినపడినప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

ప్రతి పండుగ ముందూ ఇదే తంతు. ఈసారి పిడి అంటాడు. రెండు రోజులకు కాదు మొన అంటాడు. మళ్ళీ వేలు చాపుతాడు. ఒక పట్టు చేతికి అలవాటయ్యే లోపలే ఇంకో పట్టు మీద మనసు పోతుంది. మగ్గం దగ్గర ఇట్లా లేడు. ఒక అంచు మొదలుపెడితే చీర దిగేదాకా దారం మార్చడు. మరి నా ఒంటి చుట్టూ విసిరేటప్పుడే ఈ మార్పులన్నీ ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. అడిగితే, విద్య అంటే ఎప్పుడూ కొత్తది నేర్చుకునుడే అనేవాడు.

అన్ని పట్టుల కత్తులూ ఒంటి చుట్టూ గుచ్చుకోగా గుచ్చుకోగా నాకు ఒక సంగతి తెలిసింది. విసిరాక అన్న కత్తులు పీక్కునిపోయేవాడు గాని అవి ఎట్లా దిగాయో చూసేవాడు కాదు. నేను చూసేవాణ్ణి, చూడక ఏం చేస్తాను, అవి నా చెంప పక్కనే ఉండేవి. పిడి పైకి లేచి గుచ్చుకుంటే కత్తి ఎక్కువ తిరిగినట్టు, అంటే విసిరేవాడు ఒక అర అడుగు ముందుకు రావాలి. పిడి కిందికి వాలితే తక్కువ తిరిగినట్టు, వెనక్కి పోవాలి. అంతే ఇది. పిడి పట్టుకైనా మొన పట్టుకైనా ఇదే. చెయ్యిని మార్చాల్సిన పనే లేదు, కాలును మార్చుకుంటే చాలు. మగ్గం విదిలింపు ఉంటే ఉండనీ, ఎప్పుడూ ఒకేలా ఉన్నప్పుడు దానికి తగ్గట్టు గీత ముందుకు జరుపుకుంటే సరిపోతుంది. ఇంత చిన్న సంగతి ఇంతమందికి ఎందుకు తట్టలేదా అని సంబరపడి, తాలీంలో అందరూ ఉండగానే అన్నకు చెప్పాను.

"పలక మాట్లాడ్తదారా?" అన్నాడు అన్న.

అందరూ నవ్వారు. అప్పటి నుంచి నన్ను పలక అని పిలవడం మొదలైంది. నీళ్ళకు పోతే పలకొచ్చింది, కల్లు దుకాణం ముందు నుంచి పోతే పలక పోతాంది. అన్న ఆపలేదు సరికదా, తనూ పిలిచాడు. ఇప్పుడు నవ్వులాటగా చెబుతున్నాను గాని అప్పుడు రెండు రోజులు అన్నం సహించలేదు.

ఆ కోపంతోనే విసరడం మొదలుపెట్టాను. అన్న మగ్గంలో ఉన్నప్పుడు, మధ్యాహ్నం పూట, తాలీంలో ఎవరూ లేని వేళ చూసి పోయేవాణ్ణి. నాదీ నేతవాడి చెయ్యే, నాదీ అదే విదిలింపు. దాన్ని మాన్పించాలని చూడలేదు. పిడి పట్టుతో విసిరి, పిడి లేచిన మేర ముందుకు జరిగి, కాలితో మట్టిలో నా గీత నేనే గీసుకున్నాను. పలక మీద సుద్దతో మనిషి ఆకారం గీసి, దాని చుట్టూ గుచ్చేవాణ్ణి. చెవి పక్క, మెడ పక్క, చంక కింద. ఎక్కడెక్కడ కత్తి దిగితే ఒంటికి ఎట్లా ఉంటుందో నాకంటే బాగా తెలిసినవాడు ఎవడు? ఆ ఏడు వానాకాలం పోయేసరికి సుద్ద గీత మీద ఒక్క గాటు కూడా పడకుండా విసరగలిగేవాణ్ణి.

ఒకరోజు గుర్రానికి నలతగా ఉందని ఉస్తాద్ జట్కా కట్టలేదు. మధ్యాహ్నమే తాలీంకు వచ్చి, కప్పు నీడన నిలబడి నేను విసరడం చూశాడు. పోయి కత్తులు పీకి తెచ్చి నా చేతికే ఇచ్చాడు. మళ్ళీ విసరమన్నాడు. విసిరాను.

"ఈ దసరాకు నువ్వు ఇసురు. మీ ఇంటి మనిషిని తెచ్చుకో" అన్నాడు.

ఆ మాట కోసం ఎన్నేళ్ళ నుంచి కాచుకుని ఉన్నానో. ఇంటికి నడిచిపోలేదు, పరుగెత్తాను. ఇంటి మనిషి అంటే ఎవరున్నారు? ఆడవాళ్ళు తాలీం గడప తొక్కే రోజులు కావు. బాపును అడిగితే, పని లేనోడు చేసే పని అని మగ్గం తాడు గుంజాడు. ఇక అన్న. అన్న కాదంటాడని నాకు అనుమానం కూడా రాలేదు. ఆయన కోసం నేను అన్ని పండుగలు నిలబడ్డాక, నా కోసం ఒక్క పండుగ నిలబడడా?

అన్న కాదనలేదు. అందుకే నాకు అర్థం కావడానికి అన్ని రోజులు పట్టింది. మొదట, సూద్దాం తియ్ అన్నాడు. తర్వాత చేతిలో ఉన్న చీర దించాలన్నాడు. చీర దిగాక నడుము పట్టేసిందన్నాడు. నడుము బాగయ్యాక అమావాస్య ఎదురుగా ఉంది, పోనియ్యి అన్నాడు. అమావాస్య నాడు నన్ను నిలబెట్టి విసిరిన మనిషి ఆయనే. ఉస్తాద్ రోజూ సాయంత్రం నా వెనక చూసేవాడు, ఇంటి మనిషి వచ్చాడా అని. నేను తల దించుకునేవాణ్ణి. పండుగ దగ్గరపడుతోంది. బతుకమ్మ పాటలు వీధిలో మొదలయ్యాయి. ఆఖరికి ఒక సాయంత్రం చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినంత పని చేసి అన్నను తాలీంకు తెచ్చాను.

వచ్చాడు. అంగీ విప్పి, పలకకు వీపు ఆనించి నిలబడ్డాడు. నేను నా గీత మీదికి పోయి తిరిగేసరికి, కత్తి ఏ పట్టు పడుతున్నావని అడిగాడు. పిడి పట్టు అన్నాను. మొన పట్టైతే మంచిది గదా, తప్పినా పిడే తగుల్తది అన్నాడు. నేను చెయ్యి లేపాను. అన్న మెడ పక్కకు పోయింది. చెయ్యి దించాను. మళ్ళీ కుదురుగా నిలబడ్డాడు. మళ్ళీ లేపాను. ఈసారి భుజం తిప్పుకుని పలక నుంచి ఇవతలికే వచ్చేశాడు. దూరం ఎంత ఉందో చూసి వస్తానని నా గీత దాకా నడిచి వచ్చి, ఇది ఉస్తాద్ గీత కాదు గదా అన్నాడు. కాదు, నాది అన్నాను. పోయి మళ్ళీ నిలబడ్డాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నేను కత్తి వదల్లేదు. కళ్ళు మూసుకున్న మనిషి ఎటు కదులుతాడో నాకు తెలియదు.

కొంతసేపటికి అన్న పలక ముందే మట్టిలో కూర్చున్నాడు. ఉస్తాద్ అది చూసి, గుర్రానికి నీళ్ళు పెట్టాలని మిగిలినవాళ్ళను కూడా తీసుకుని బయటికి పోయాడు. నేను అన్న దగ్గరికి పోయి, నా మీద నమ్మకం లేదా అని అడిగాను. గొంతు కోపంగానే వచ్చింది.

"నీ మీద కాదు తమ్మీ" అన్నాడు. "కత్తి చేతుల్నించి ఇడిశినంక యాడికి పోతదో ఇసిరేటోనికి తెల్వది. గిన్నేండ్లు ఇసిరిన, నాకు ఎరుకే గదా."

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఏ పండుగకూ, ఏ పట్టు పట్టినా, కత్తి ఎక్కడ దిగుతుందో ఆయనకు తెలియదు. అందుకే పట్టు మార్చి పట్టు మార్చి వెతుక్కున్నాడు, నన్ను నిలబెట్టి వెతుక్కున్నాడు.

"మరి నన్నెట్ల నిలబెట్టినవ్?" అన్నాను.

"నువ్వు కదలవు గదా. నువ్వట్ల నిలబడ్తె నాకు ధైర్నం అయ్యేది."

ఆయన చేతి మీద నమ్మకంతో నేను నిలబడితే, నా నిలబడడం మీద నమ్మకంతో ఆయన విసిరాడన్న మాట. ఒకరిని చూసి ఒకరం నమ్మాం గాని, ఇద్దరిలో ఎవరి దగ్గరా అసలు నమ్మకం లేదు. తిట్టాలనుకున్నాను. మా అన్న మట్టిలో కూర్చుని, మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని, నా ముఖం చూడకుండా ఉన్నాడు. ఏం తిట్టను?

ఆ దసరాకు నేను ఖాళీ పలక మీదికి విసిరాను. అన్ని కత్తులూ అనుకున్న చోటే దిగాయి. మనిషి లేని పలకను చూడడానికి జనం ఎంతసేపని నిలబడతారు, కర్రసాము వైపు పోయారు. ఉస్తాద్ భుజం తట్టాడు. అన్న రాలేదు. ఆ తర్వాత ఏ పండుగకూ నేను పలక ముందు నిలబడలేదు, అన్న మళ్ళీ కత్తి పట్టలేదు. మేమిద్దరం పక్కపక్క మగ్గాల్లోనే ఇంకా చాలా ఏళ్ళు పని చేశాం. ఆ మాట మా మధ్య మళ్ళీ రాలేదు.

అన్న భయపడ్డందుకు నాకు కోపం లేదు. భయం ఎవరికి ఉండదు? నా చెయ్యి ఎట్లా విసురుతుందో తెలియదు తమ్మీ, అయినా నిలబడతావా అని మొదటి రోజే అడిగి ఉంటే, నేను ఆ రోజు కూడా నిలబడేవాణ్ణి. అడగలేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు.